లిస్టు అడిగిన మేనకోడలికి

మంకమ్మతోట,
కరీంనగర్

బిడ్డా,

నీ మెసేజ్ చూసిన. "ఇండస్ట్రియల్ ఆర్గనైజేషనల్ సైకాలజీలో పీహెచ్‌డీ ఏయే యూనివర్సిటీల్లో ఉన్నదో లిస్టు పంపు అత్తా" అని ఒక్క ముక్క రాసి ఊకున్నవు. దానికి ఫోన్‌లో జవాబు కొట్టే ఓపిక నాకు లేదు. కాయితం, పెన్ను ఉంటేనే నా ఆలోచన నడుస్తది. అందుకే ఈ ఉత్తరం. తాపీగా చదువు. హాస్టల్‌లో నీ దోస్తులకు కూడా చూపెట్టు, వాళ్లల్లో ఇదే అడగాలనుకునేటోళ్లు ఒకరిద్దరన్నా ఉంటరు.

లిస్టు ఎక్కడన్నా దొరుకుతది. కష్టమేందంటే, మన దేశంలో ఆ పేరును బోర్డు మీద రాసుకున్న శాఖ దొరకడం అరుదు. నువ్వు ఎమ్మేలో ఒక పేపరుగా చదివిన ఈ విద్య ఇక్కడ తలా ఒక చోట చెదిరి ఉన్నది. కొంత సైకాలజీ శాఖల్లో, కొంత ఐఐటీల హ్యుమానిటీస్ విభాగాల్లో, పెద్ద భాగం మేనేజ్‌మెంట్ స్కూళ్లలో, మిగిలింది కార్మిక సమస్యలు చదివే సంస్థల్లో. మేనేజ్‌మెంటోళ్లు దాన్నే ఆర్గనైజేషనల్ బిహేవియర్ అంటరు. అందుకే యూనివర్సిటీ పేరుతోని మొదలువెడితే దారి తప్పుతవు. నువ్వు ఏం తెలుసుకోవాలనుకుంటున్నవో, దాని మీద ఎవరు పని చేస్తున్నరో ముందుగాల తేలాలె. యూనివర్సిటీ సంగతి ఆ తర్వాత.

నీకు ప్రశ్న ఎక్కడినుంచి వస్తదని అడుగుతవేమో. గోదావరిఖని క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్ల అడగవలసిన మాట కాదది.

1951లో హ్యూమన్ రిలేషన్స్ అనే పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసింది లండన్ టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్. ఈ బామ్‌ఫోర్త్ ఎవరనుకున్నవు? 18 ఏండ్లు బొగ్గుబాయిలో పని చేసి పరిశోధనలోకి వచ్చిన మనిషి. వాళ్లు పట్టుకున్న సంగతి ఇది. ఇంగ్లండు గనుల్లో పాతకాలంలో ఇద్దరు మనుషులు, తోడుగా ఒక పిలగాడు కలిసి ఒక జట్టు. ఎవరితోని ఎవరు పని చెయ్యాలెనో వాళ్లే ఎంచుకునేటోళ్లు. బొగ్గు కొట్టుడు, నింపుడు, కప్పుకు దిమ్మెలు పెట్టుడు, అన్నీ ఆ జట్టు పనే. కూలి కూడా జట్టుకే. జతగాడు ప్రమాదంలో పోతే, అతని పెండ్లాంపిల్లలను రెండోవాడు చూసుకున్న సందర్భాలు కూడా ఉండేటివి.

తర్వాత లాంగ్‌వాల్ పద్ధతి వచ్చింది. పొడుగాటి ఫేస్ మీద సుమారు 40 మంది, మూడు షిఫ్టులు. ఒక షిఫ్టు కోస్తది, ఒకటి బెల్టులు జరిపి దారులు సరిచేస్తది, ఇంకొకటి బొగ్గు నింపుతది. మొదటి షిఫ్టు చేసిన తప్పు మూడో షిఫ్టు నెత్తిన పడతది, కానీ ఆ మనుషులు ఒకరినొకరు చూసుకోనే చూసుకోరు. యంత్రం వచ్చిందంటే బొగ్గు కుప్పలు తెప్పలుగా రావాలె. వచ్చినవి మాత్రం తగాదాలు, నాగాలు, ఎంత తక్కువ చేస్తే అంత మంచిదనే తీరు. యంత్రంలో లోపం లేదు, మనుషుల్లోనూ లేదు. పని పంచిన తీరులో ఉన్నదని ఆ ఇద్దరు చూపెట్టిన్రు. మనిషినీ యంత్రాన్నీ కలిపి ఒక్క వ్యవస్థగా చూడాలెనన్న ఆలోచన ఆ గనుల్లోనే పుట్టింది. ప్రపంచంలో ఎక్కడ ఈ సబ్జెక్టు చదివినా ఈ వ్యాసం తగలకుండ ఉండదు.

ఇప్పుడు మన సింగరేణిని చూడు. ఇల్లందు దగ్గర 1889లో తవ్వకం మొదలైంది, 1920లో కంపెనీ అయింది. లాంగ్‌వాల్ యంత్రాలు 1980లలో మన గోదావరిఖని గనుల్లోకే వచ్చినయి. ఇప్పుడు అడ్రియాల గని ఉన్నది. ఇంగ్లండుల ఆనాటి లాంగ్‌వాల్, ఈనాటి పవర్ సపోర్టుల లాంగ్‌వాల్ ఒకటి కాదు, ఆ తేడా మతిలో పెట్టుకో. ప్రశ్న మాత్రం అట్లనే నిలవడి ఉన్నది. చెమ్మాస్‌తోని బొగ్గు నింపిన కోల్ ఫిల్లర్, ఈనాటి ఆపరేటర్, పైన ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపేటోడు, వీళ్ల జట్టుతనం ఎట్ల మారింది? మీ బాపు పదిసార్లు అన్నడు గదా, "మా కాలంలో ఒకడు మస్టర్ పడకపోతే ఎందుకు రాలేదో అందరికీ ఎరుకుండె" అని. దాన్ని ఇంట్లో ముచ్చటగా విని వదిలెయ్యకు. సరిగ్గా అడిగితే అదే పరిశోధన ప్రశ్న.

ఇంకా చెప్పాల్నా? బీటెక్ చదివిన పిలగాడు తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే వారసత్వంగా బదిలీ వర్కర్‌గా బాయిలోకి దిగుతున్నడు. చదువు ఎక్కువ, పని వేరు. దీని మీద అమెరికావోళ్లు ఓవర్‌క్వాలిఫికేషన్ అని ఎన్నో వ్యాసాలు రాసిన్రు. కానీ అక్కడి పిలగాడు నచ్చకపోతే ఉద్యోగం మారుతడు. ఇక్కడ ఆ ఉద్యోగం తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి, ఇల్లు గడిచే దారి, సంబంధం కుదిరే అర్హత. వాళ్ల సిద్ధాంతం ఇక్కడికి వస్తే ఎక్కడ విరుగుతదో చూసేటోళ్లు కావాలె. 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన మినహాయింపుతోని ఆడవాళ్లకు భూగర్భ గనుల్లో సాంకేతిక, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనులు పగటిపూట చేసే వీలు వచ్చింది. వాళ్ల అనుభవం ఎవరు రాయాలె? పర్మినెంట్ కార్మికుడు, కాంట్రాక్టు కార్మికుడు పక్కపక్కన నిలవడి ఒకే పని చేస్తే భద్రత నియమాలు ఇద్దరికీ ఒక్కతీరే పడతయా? సిరిసిల్లకు పో. 2017 నుంచి కొన్నేండ్లు బతుకమ్మ చీరెల ఆర్డర్లు వచ్చినయి. ఆర్డరు ఉన్న నెలల్లో మరమగ్గం కార్మికుని నిద్ర ఎట్ల ఉంటది, లేని నెలల్లో మనసెట్ల ఉంటది? కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్ల తెరుచుకున్నది. ఆ నడుమ ఆ ఊరు ఎట్ల బతికింది, తిరిగి పనిలోకి వచ్చినోళ్లకు కంపెనీ మీద నమ్మకం తిరిగొచ్చిందా? పని పోవుడు, నమ్మకం పోవుడు గురించి ఒక థీసిస్‌కు సరిపోయే ఊరు మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్నది.

ఈ శాస్త్రం మన దేశానికి నిన్న మొన్న రాలేదు. ఇండస్ట్రియల్ సైకాలజీకి ఆదిగురువు అనదగ్గ హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ దగ్గర హార్వర్డ్‌లో చదువుకున్న నరేంద్రనాథ్ సేన్‌గుప్తా 1916లో కలకత్తా యూనివర్సిటీ సైకాలజీ శాఖను నడిపిండు. మన దేశంలో అదే మొదటి సైకాలజీ శాఖ. 1953లో ఎ.కె. రైస్ అనే టావిస్టాక్ మనిషి అహ్మదాబాద్ కాలికో మిల్లులో మగ్గాల కార్మికులను చిన్న చిన్న జట్లుగా చేసి ప్రయోగం చేసిండు. ఎరిక్ మిల్లర్ 1970లో వెళ్లి చూస్తే ఒక షెడ్డులో ఆ జట్టు పద్ధతి ఇంకా నిలిచే ఉన్నదట, మిగతా చోట్ల సడలిపోయింది. ఎందుకు నిలిచింది, ఎందుకు సడలింది అన్నదే నాకు అసలు ప్రయోగం కంటె ఎక్కువ నచ్చే భాగం.

తెలుగు నేల మీద జరిగింది ఇంకొకటి. డేవిడ్ మెక్‌లెలాండ్ 1960లలో కాకినాడ వ్యాపారులను తీసుకొచ్చి హైదరాబాద్‌లోని సియెట్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఇప్పుడు యూసుఫ్‌గూడలో నిమ్‌స్మే అంటున్నరే అక్కడ, సాధించాలెననే పట్టుదలను పెంచే శిక్షణ ఇప్పించిండు. శిక్షణ పొందినోళ్లు ఆ తర్వాత వ్యాపారంలో ఎక్కువ చురుకుగా ఉన్నరని డేవిడ్ వింటర్‌తోని కలిసి 1969లో పుస్తకం రాసిండు. చదువు. నాకు దాని మీద కొన్ని అనుమానాలున్నయి. పట్టుదల ఉంటే చాలా, అప్పు పుట్టాలె, కులం కలిసిరావాలె, బజారు నిలవాలె గదా. కానీ అనుమానం పెట్టుకోవడానికి కూడా ముందుగాల చదవాలె. ఐఐఎం అహ్మదాబాద్‌లో పనిచేసిన టి.వి. రావు మన తెలుగు మనిషే. ఉదయ్ పారీక్‌తోని కలిసి 1970లలో ఎల్ అండ్ టీలో మానవ వనరుల అభివృద్ధి పద్ధతిని రూపొందించిండు. పాట్నాలో జె.బి.పి. సిన్హా భారతీయ నాయకత్వం మీద 1980లో రాసిన పుస్తకం కూడా నీ పట్టికలో ఉండాలె. ముందు మనిషిని ఆదరించి, ఆ తర్వాత పని రాబట్టే నాయకుడే మన దగ్గర నెగ్గుకొస్తడన్నది ఆయన వాదం. మీ బాపుకు నచ్చిన ఓవర్‌మన్‌లను మనసులో పెట్టుకొని చదివితే సిన్హా బాగా అర్థమైతడు.

సరే, ఇప్పుడు చెదిరిన చోట్ల సంగతి.

నీకు దగ్గరివి నువ్వున్న ఉస్మానియా, విశాఖలో ఆంధ్ర, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీల సైకాలజీ శాఖలు. ప్రశ్నావళి తయారుచెయ్యడం, కొలవడం, పరీక్షించడం గట్టిగ నేర్చుకోవాలంటే సైకాలజీ శాఖనే మేలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సైకాలజీ ఆరోగ్యం వైపు మొగ్గి పెరిగింది. నీ ప్రశ్న షిఫ్టులు, నిద్ర, ఒత్తిడి, ప్రమాదం వైపు పోతే అక్కడ పొసుగుతది, ఉద్యోగి ఎంపిక, నాయకత్వం వైపు పోతే అదే క్యాంపస్‌లోని మేనేజ్‌మెంట్ స్కూలును చూడు. కందిలో ఐఐటీ హైదరాబాద్ లిబరల్ ఆర్ట్స్ విభాగం ఉన్నది. కాన్పూర్, బొంబాయి, ఢిల్లీ ఐఐటీల్లో కూడా హ్యుమానిటీస్ విభాగాల కింద సైకాలజీ పీహెచ్‌డీ నడుస్తది. ఇంటికి దగ్గర కావాలంటే కాకతీయలో కామర్స్, మేనేజ్‌మెంట్ శాఖలున్నయి, కరీంనగర్‌లో మన శాతవాహన 2008లో వచ్చింది. కార్మికుల పక్షాన నిలవడి చదవాలనుంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌ను వదలకు.

ఐఐఎంల గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటె సైకాలజీ పిల్లలకు ఆ తలుపు ఉన్నదనే ఎరుక ఉండదు. ఎమ్మెస్సీ, ఎమ్మే సైకాలజీ చదివినోళ్లను ఆర్గనైజేషనల్ బిహేవియర్, మానవ వనరుల విభాగాల్లో ఇష్టంగ తీసుకుంటరు. వెనుకట ఫెలో ప్రోగ్రాం అనేటోళ్లు, డిగ్రీ కాదు. 2017 ఐఐఎం చట్టం అమలైన 2018 నుంచి పీహెచ్‌డీనే ఇస్తున్నయి. అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తానే కాదు, మనకు దగ్గర విశాఖ ఐఐఎంలో కూడా ఉన్నది. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్ఆర్ఐ ఈ సబ్జెక్టులో పాత పేరు. ఐఐఎంలలో ఎక్కువచోట్ల ఫీజు ఉండదు, నెలనెలా స్టైపెండ్ ఇస్తరు, మొదటి రెండేండ్లు క్లాసులతోనే నలుగుతవు. క్యాట్ కావాలె, కొన్నిచోట్ల జీఆర్ఈ, జీమ్యాట్, జేఆర్ఎఫ్ కూడా ఒప్పుకుంటరు. క్యాట్ నవంబరు చివర్ల వస్తది కాబట్టి ఇప్పటినుంచే లెక్కలు తిప్పు. లెక్కలంటే మొహం చిట్లించకు. స్టాటిస్టిక్స్ రాకుండ ఈ సబ్జెక్టులో ఎక్కడా నడవదు.

యూనివర్సిటీలకైతే యూజీసీ నెట్ పరీక్ష. 2024 నుంచి నెట్‌తోనే పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా దారి చేసిన్రు. ఫలితం మూడు తీర్ల వస్తది: జేఆర్ఎఫ్‌తోని ఒకటి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత ప్లస్ పీహెచ్‌డీ ఒకటి, ఒట్టి పీహెచ్‌డీ ప్రవేశం ఒకటి. వెనుక రెండింటికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఆ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాది వరకే చెల్లుతది, మరిచిపోతే మళ్ల రాయాలె. జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, తర్వాత సీనియర్ ఫెలోషిప్ 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. ఆడపిల్లవు కాబట్టి జేఆర్ఎఫ్ వయసు పరిమితి 30 మీద ఐదేండ్ల సడలింపు ఉన్నది. నెట్‌లో సైకాలజీ ఒక సబ్జెక్టు, లేబర్ వెల్ఫేర్, హెచ్‌ఆర్ఎం కలిపి ఇంకొకటి. నువ్వు సైకాలజీనే రాయి. ఎమ్మేలో 55 శాతం తప్పకుండ ఉండాలె, రిజర్వేషన్ ఉన్నోళ్లకు 5 శాతం సడలింపు. జేఆర్ఎఫ్ రాకపోతే ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉన్నది. ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంత కేంద్రం మీ ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉన్నది, నీ హాస్టల్ నుంచి నడిచిపోవచ్చు. ఎన్నడన్నా లోపలికి పోయినవా?

ఇక గైడు. అసలు ఉత్తరం ఇక్కడినుంచే మొదలైందనుకో.

శోధ్‌గంగ తెరువు. దేశంలోని థీసిస్‌లు అందులో పెడతరు. సింగరేణి అని కొట్టి చూడు, ఎన్ని వస్తయో. అన్నీ చదవనక్కరలేదు. ఐదారు తీసుకొని ముందుగాల చివరి అధ్యాయం చదువు, "ఇది మేం చెయ్యలేకపోయినం" అని రాసుకున్న పేజీలు చూడు. సగం థీసిస్‌లలో ఒకటే ప్రశ్నావళి, ఒకటే ఉద్యోగ సంతృప్తి, అవే పట్టికలు. నీకు విసుగొస్తది. రానీ. ఆ విసుగుతోనే నీకేం చెయ్యాలనుందో తెలుస్తది. తర్వాత గైడు పేరు రాసుకొని, ఆ గైడు కింద వచ్చిన మిగతా థీసిస్‌లు చూడు. ఒకే తీరు శీర్షికల్లో కంపెనీ పేరు మాత్రమే మారుతుంటే ఆ గుమ్మం దిగి రా.

గైడుకు నిబంధనలున్నయి, అవి నీకు తెలిసుండాలె. ప్రొఫెసర్ ఒకసారికి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడు చెయ్యొద్దు. రిటైర్మెంట్‌కు మూడేండ్ల కంటె తక్కువున్నోళ్లు కొత్తోళ్లను తీసుకోవద్దని 2022 యూజీసీ నిబంధన. అంటే ఎంత పెద్ద పేరున్నా ఖాళీ లేకపోతే నీకు పనికిరాదు. అడగడానికి సిగ్గుపడకు, "మేడం, ఈ ఏడు మీ కింద ఖాళీ ఉన్నదా" అనే మాట అమర్యాద కాదు.

ఇప్పుడు ఆ గైడు కింద చదువుతున్నోళ్లను, ముఖ్యంగా ఆడపిల్లలను కలువు. "సార్ ఎట్లుంటడు" అని అడిగితే "మంచోడే" అంటరు. అట్ల అడగకు. అధ్యాయం ఇస్తే ఎన్ని వారాలకు తిరిగిస్తడు? పేపర్ మీద మొదటి పేరు ఎవరిది పెడతరు? ఇంటి పనులు చెప్తరా? సాయంత్రం ఆరు తర్వాత రమ్మంటరా? ఇవి అడుగు. జవాబు కంటె ముందు వాళ్ల మొహం చూడు, సగం అక్కడనే తెలుస్తది. గైడు పేరు వినంగనే మాట మార్చే పిల్ల నీకు చెప్పాల్సింది చెప్పినట్టే.

గైడుకు రాసేటప్పుడు ఒక్క పేజీ దాటకు. చిన్నప్పటినుంచి పరిశోధన అంటే ప్రాణమని రాయకు, ఎవరూ నమ్మరు. నీ ప్రశ్న రెండు వాక్యాల్లో, ఆయనది నువ్వు చదివిన వ్యాసం పేరు, అందులో నీకు తోచిన సందేహం, నీ ఎమ్మే ప్రాజెక్టులో నువ్వు చేసిన పని. అంతే. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచెయ్యి, ఆ తర్వాత ఇంకొకరిని చూసుకో. నీకు ఒక బలం ఉన్నది, అది వాడు. బాయి కార్మికుని బిడ్డవు, ఆ మనుషులు నీతో మాట్లాడుతరు. ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధకుని ముందు "అంతా మంచిగున్నది సార్" అనే మనిషి నీ ముందు కప్పు కూలిన రాత్రి గురించి చెప్తడు. అట్లనే అది ప్రమాదం కూడా. వాళ్ల మాట మేనేజర్ చెవిన పడితే చార్జ్‌షీట్ వస్తది. ఎవరి మాట ఎవరిదో తెలియకుండ రాయడం నేర్చుకోవడానికే ఇన్నేండ్ల చదువు. ప్రశ్నావళి ఇంగ్లిష్‌ది తెచ్చి ఏదో ఒక తీరు తెలుగు చెయ్యకు. ఒకరు తెలుగు చేస్తే, అసలు చూడని ఇంకొకరు దాన్ని ఇంగ్లిష్‌లోకి తిప్పి రెండూ పోల్చాలె. ఆ తెలుగు కూడా మన గోదావరిఖని ఫిల్లర్‌కు అర్థమయ్యేది కావాలె, పుస్తకాల తెలుగు కాదు.

అమెరికా సంగతి. నువ్వు రాయలేదు గని, డల్లాస్‌లో ఉన్న మీ పిన్ని చెవిలో ఊదుతున్నదని నాకు ఎరుకనే. అక్కడ ఈ సబ్జెక్టు పెద్దది. సియాప్ అనే సంఘం ఉన్నది, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో 14వ డివిజన్. ఏ యూనివర్సిటీలో ఏ తీరు కోర్సున్నదో వాళ్లు జాబితా పెడతరు. నువ్వడిగిన లిస్టు నిజంగ అక్కడనే ఉన్నది! మిషిగన్ స్టేట్, మిన్నెసోటా, బౌలింగ్ గ్రీన్, సౌత్ ఫ్లోరిడా, ఏక్రన్, జార్జ్ మేసన్ పేరున్నవి. పీహెచ్‌డీకి నేరుగా తీసుకుంటరు, అక్కడ మాస్టర్స్ కావాలనే లేదు. చాలాచోట్ల గడువు డిసెంబరులోనే పడతది, మనోళ్లు ఎమ్మెస్‌కు పెట్టుకున్నట్టు తాపీగా కూసుంటే కుదరదు. జీఆర్ఈ కొన్నిచోట్ల అక్కరలేదు, కొన్నిచోట్ల కావాలె. సీటిచ్చినోళ్లకు జవాబు చెప్పడానికి చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా టైమిస్తయి, ఆ లోపల తొందరపెడితే భయపడకు. ఒక్కటే గట్టిగ చెప్తున్న: ఫీజు మాఫీ, అసిస్టెంట్‌షిప్ రెండూ రాతపూర్వకంగ ఇయ్యకపోతే పీహెచ్‌డీకి పోవద్దు. ఎమ్మెస్‌కు ఇల్లు తాకట్టు పెట్టినోళ్లను మన వీధిలోనే చూసినవు. పీహెచ్‌డీకి అప్పు చేస్తే తీర్చే సరికి నీ తల నెరుస్తది. రాష్ట్రం ఇచ్చే విదేశీ విద్యానిధి పథకాలు, కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నయి. ఆ ఏటి నోటిఫికేషన్‌లో నీకు వర్తించేవి చూడు. ఇంగ్లండులో దీన్ని ఆక్యుపేషనల్ సైకాలజీ అంటరు. షెఫీల్డ్, లండన్ బిర్క్‌బెక్ అక్కడ చూడదగ్గవి. కామన్వెల్త్ స్కాలర్‌షిప్ దొరికితేనే ఆలోచించు.

మోసాల గురించి రెండు మాటలు. ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో పీహెచ్‌డీ అంటే మన దగ్గర చెల్లదు, ఎంత పెద్ద విదేశీ పేరు తగిలించినా సరే. 2025 జనవరిలో యూజీసీ రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలను ఐదేండ్లు పీహెచ్‌డీలో ఎవరినీ చేర్చుకోవద్దని ఆపింది. థీసిస్ రాసిస్తమని, డబ్బిస్తే వారంలో పేపర్ అచ్చేస్తమని ఫోన్లు చేస్తరు. నంబరు బ్లాక్ చెయ్యి.

అసలు నీకు పీహెచ్‌డీ కావాల్నా? ఈ ప్రశ్న అడగకుండ ఉత్తరం ముగిస్తే నేను మేనత్తనే కాదు. నీకు హెచ్‌ఆర్ ఉద్యోగం కావాలె, జీతం కావాలె, రెండేండ్లలో నిలదొక్కుకోవాలె అనుంటే పీహెచ్‌డీ చెయ్యకు. సింగరేణిలో పర్సనల్ విభాగానికి మేనేజ్‌మెంట్ ట్రైనీలను తీసుకుంటరు. కొన్ని ప్రభుత్వ సంస్థలు హెచ్‌ఆర్ పోస్టులకు నెట్ స్కోరు చూసిన సందర్భాలు కూడా ఉన్నయి. ఆ నోటిఫికేషన్లకు ఏ పీజీ అడుగుతున్నరో చూసుకొని అటు పో, అది కూడా గౌరవమైన బతుకే. ఉద్యోగంలో చేరి, సంస్థ దగ్గర నిరభ్యంతర పత్రం తీసుకొని పార్ట్‌టైం పీహెచ్‌డీ చెయ్యడానికి కూడా నిబంధనలు ఒప్పుకుంటయి. ఒక ప్రశ్న నిన్ను నిద్రపోనియ్యకుంటేనే ఫుల్‌టైం వైపు రా.

మీ అవ్వ ఫోన్ చేసింది. పెండ్లి ముచ్చట. ఆమె మీద కోపం తెచ్చుకోకు. కనీసం మూడేండ్లు, గరిష్ఠంగా ఆరేండ్లు పడతదని, ఆడపిల్లలకు ఇంకో రెండేండ్ల గడువు, ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు నిబంధనల్లోనే ఉన్నయని ఆమెకు నేనే చెప్పిన. "అయితే పెండ్లైనా చదువొచ్చన్నట్టు" అన్నది. ఆమె వినాలనుకున్నదే విన్నది. నీ వైపు మాట నువ్వే మాట్లాడాలె. సంబంధం వస్తే ఎదుటోళ్లకు స్టైపెండ్ ఎంతో చెప్పకు, చదువు ఎన్నేండ్లో చెప్పు. ఆ మాటకు ఆగినోళ్లతోనే ముందుకు పో.

నాకు వచ్చే నెలాఖరు లోపల నీ ప్రశ్న ఒక్క పేజీలో రాసి పంపు. తెలుగులో రాయి, ఇంగ్లిష్‌లో రాస్తే తెలియని సంగతి కూడా తెలిసినట్టే కనపడతది. దాని కింద ముగ్గురు గైడుల పేర్లు, వాళ్లవి నువ్వు చదివిన వ్యాసాలు రాయి. దిద్ది తిరిగి పంపుత. ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ వ్యాసం మీ లైబ్రరీలో దొరకకుంటే నా దగ్గర జిరాక్స్ ఉన్నది, ఆదివారం కరీంనగర్ బస్సెక్కు. అన్నట్టు మీ బాపు ఈ నెల సెకండ్ షిఫ్టట, పొద్దున పూట ఇంట్లోనే ఉంటడు. ఇంటికి పోయినప్పుడు ఆయన్ను కూసోపెట్టి, కోల్ ఫిల్లర్ల కాలంలో జట్టు ఎట్ల కుదిరేదో అడిగి రాసుకొని రా.

ఇట్లు
మీ అత్త